నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్‌లో లైవ్ కాన్సర్ట్‌కు వెళ్లి రావడం: టికెట్‌కంటే ముందే తిరుగు బస్సు చూసుకునే సమగ్ర మార్గదర్శి

యూట్యూబ్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పేరు తెచ్చుకున్న గాయకుడి కాన్సర్ట్ హైదరాబాద్‌లో ఉందని పోస్టర్ కనబడగానే నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి పాఠకులు నన్ను అడిగే మొదటి ప్రశ్న టికెట్ ఎక్కడ దొరుకుతుందని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. పోస్టర్‌లో ఉన్న మనిషి నిజంగా ఎంతసేపు పాడతాడన్నది మొదటిది, ఆ రాత్రి ఇల్లు ఎలా చేరుతామన్నది రెండోది. ఈ రెండూ తేలిన తరువాతే డబ్బు కట్టాలి. కింది మెట్లు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి.

1. పోస్టర్‌ను అక్షరం వదలకుండా చదవండి

ఒకే గాయకుడి పేరుతో నాలుగు రకాల కార్యక్రమాలు జరుగుతుంటాయి. "లైవ్ ఇన్ కాన్సర్ట్" అని ఉంటే సాధారణంగా వాద్యబృందంతో గంటన్నర, రెండు గంటలు పాడతారు. "డీజే నైట్" అని ఉంటే ఎక్కువసేపు రికార్డు పాటలే మోగుతాయి, గాయకుడు మధ్యలో వచ్చి రెండు మూడు పాటలు పాడి వెళ్లవచ్చు. "స్పెషల్ అప్పియరెన్స్" అంటే వేదిక ఎక్కి చేయి ఊపి నాలుగు మాటలు చెప్పడం కూడా కావచ్చు. "మీట్ అండ్ గ్రీట్" అంటే ఫొటో దిగడం, అది పాట కాదు.

ఇంటర్నెట్‌లో పేరు వచ్చినవారి విషయంలో ఇంకొక పరీక్ష అవసరం. స్టూడియోలో మెరుగుపెట్టిన వీడియో చూసి గొంతును అంచనా వేయవద్దు. గత కార్యక్రమాల్లో ప్రేక్షకులు తమ ఫోన్లతో తీసిన క్లిప్పులను మూడు నాలుగు వెతికి చూడండి. వెనుక డ్రమ్స్, గిటార్, డప్పు వాయించే మనుషులు ఉన్నారా, లేక ముందే రికార్డు చేసిన సంగీతం (ట్రాక్) వేసి దాని మీద పాడుతున్నారా అన్నది ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ట్రాక్ మీద పాడడం నేరమేమీ కాదు గాని, దానికి వేల రూపాయలు పెట్టాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవడం మేలు.

పోస్టర్‌లో చూడవలసినవి:

- గేట్లు తెరిచే సమయం, కార్యక్రమం మొదలయ్యే సమయం. ఈ రెండూ వేరు. ప్రధాన గాయకుడు వచ్చేది ఈ రెండింటికంటే ఆలస్యంగానే ఉంటుంది.
- ఆరుబయట మైదానమా, మూసిన హాలా.
- నిలబడి చూడాలా, కూర్చునే వీలుందా.
- వయసు పరిమితి. మద్యం అమ్మే చోట 21 ఏళ్ల లోపు వారిని రానివ్వకపోవచ్చు.
- వాయిదా పడితే, రద్దయితే డబ్బు సంగతి ఏమిటన్న షరతు.

2. తిరుగు ప్రయాణాన్ని ముందే ఖాయం చేయండి

నల్లగొండ నుంచి గాని మహబూబ్‌నగర్ నుంచి గాని హైదరాబాద్ ఇంచుమించు 100 కిలోమీటర్లు. పగలు ఇది దూరమే కాదు. రాత్రి పన్నెండు దాటాక మాత్రం ఇదే దూరం వేరే లెక్క అవుతుంది.

మొదట కార్యక్రమం ఎప్పుడు ముగుస్తుందో అంచనా వేయాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ప్రభుత్వం ఏడాదిలో కొద్ది రోజులకు మాత్రమే అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వగలదు. అందుచేత మైదానంలో జరిగే కాన్సర్ట్ చాలావరకు 10 గంటలకు ముగుస్తుందని లెక్క వేసుకోవచ్చు. మూసిన ఆడిటోరియంకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి అక్కడ ఇంకా ఆలస్యం కావచ్చు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు మైదానంలో 10 గంటలకు పాట ఆగిందనుకుందాం. జనంలోంచి గేటు దాటేసరికి 10.20, ఆటో దొరికి రాయదుర్గం లేదా హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కు చేరేసరికి 10.45 అవుతుంది. మెట్రోలో చివరి రైళ్లు రాత్రి 11 గంటల ప్రాంతంలో బయలుదేరతాయి, కచ్చితమైన సమయాన్ని ఆ రోజు మెట్రో యాప్‌లోనే చూసుకోవాలి. అమీర్‌పేటలో మారి ఎల్బీ నగర్‌లో దిగేసరికి అర్ధరాత్రి. ఈ గొలుసులో ఎక్కడ పదిహేను నిమిషాలు జారినా మిగిలిన దారంతా క్యాబ్‌లోనే, అది కూడా ఆ గంటకు యాప్ అడిగినంత చార్జీతో.

ఎల్బీ నగర్ చేరడంతో పని అయిపోదు. ఆ వేళ దొరికే బస్సుల్లో ఎక్కువ భాగం సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వైపు పోయేవి. అవి నల్లగొండ ఊళ్లోకి రావు. ఒకసారి నేను ఇది తెలిసీ తెలియక చేయెత్తి బస్సు ఆపాను. "నల్లగొండ లోపటికి పోదు, నార్కట్‌పల్లిల దింపుత, ఎక్కుతరా?" అని కండక్టర్ మర్యాదగానే అడిగాడు. ఎక్కాను. రాత్రి ఒంటిగంటన్నరకు నార్కట్‌పల్లి చౌరస్తాలో దిగితే ఊరికి ఇంకా సుమారు 20 కిలోమీటర్లుంది, ఆటో ఒక్కటీ లేదు. లారీ డ్రైవర్ల కోసం తెరిచి ఉంచిన టీ బండి దగ్గర బల్ల మీద కూర్చుని, పాలు పొంగించి పొంగించి అడుగంటిన గిన్నెను ఆ బండి పెద్దాయన ఇసుకతో తోముతుంటే చూస్తూ తెల్లవారే దాకా గడిపాను. చెవుల్లో ఇంకా ఆ కచేరీ హోరే.

పాలమూరు వారికి ఇదే చిక్కు జడ్చర్లలో ఎదురవుతుంది. కర్నూలు, బెంగళూరు వైపు పోయే రాత్రి బస్సులు చాలావరకు జడ్చర్ల మీదుగా జాతీయ రహదారిలోనే సాగిపోతాయి. అక్కడి నుంచి మహబూబ్‌నగర్ మరో 15 కిలోమీటర్లు. వనపర్తి వారు కొత్తకోట దగ్గర, గద్వాల వారు ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఎవరు బండి తెస్తారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

కింది మూడింటిలో ఒకటి ఎంచుకోండి, రెండోదాన్ని అత్యవసరానికి ఉంచుకోండి.

*ఆగిపోవడం.* నగరంలో చుట్టాల ఇల్లో, స్నేహితుల గదో, లాడ్జో చూసుకుని తెల్లవారి మొదటి బస్సుకు రావడం. అన్నిటికంటే ఇదే మంచిదని నా అభిప్రాయం. చుట్టాల ఇంటికైతే రాత్రి ఎన్ని గంటలకు తలుపు కొడతారో ముందే చెప్పండి. గేటెడ్ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌కు మీ పేరు చెప్పి ఉంచమని కూడా అడగండి.

*సొంత కారు.* నల్లగొండ వైపు వారు పెద్ద అంబర్‌పేట దగ్గర, పాలమూరు వైపు వారు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరం మధ్యలోకి పోకుండానే గచ్చిబౌలి చేరవచ్చు. బండిలో డ్రైవింగ్ వచ్చినవారు ఇద్దరు ఉండాలి. ఒకరు మధ్యాహ్నం నిద్రపోయి ఉండాలి, ఆయన చుక్క ముట్టకూడదు. నాలుగు గంటలు నిలబడి ఎగిరిన మనిషికి చౌటుప్పల్ దాటకముందే కళ్లు మూతపడతాయి.

*ముందే బుక్ చేసిన బస్సు.* ఎక్కే స్టాపు, దిగే స్టాపు రెండూ టికెట్ మీద చూసుకోండి. కార్యక్రమం ముగిసే సమయానికి, బస్సుకు మధ్య కనీసం రెండు గంటల తేడా ఉంచండి.

మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో అమలవుతున్న ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సులకు మాత్రమే. రాత్రి దూరపు బస్సులు ఎక్కువగా సూపర్ లగ్జరీ తరహావి కాబట్టి తిరుగు చార్జీని విడిగా లెక్కలో వేసుకోవాలి. ఉచిత ప్రయాణానికి ఆధార్ వంటి గుర్తింపు కార్డు తప్పనిసరి.

3. టికెట్ కొనడం

టికెట్ లింకును గాయకుడి సొంత ఖాతాలోంచే తెరవండి. ఇన్‌స్టాగ్రామ్‌లో నీలి గుర్తు ఉందన్న ఒక్క ఆధారం చాలదు, ఆ గుర్తు ఇప్పుడు డబ్బు కట్టినా వస్తుంది. పాత పోస్టులు, యూట్యూబ్ చానల్‌లో ఇచ్చిన లింకు, ఈ ఖాతా మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ వంటి యాప్‌లలో కార్యక్రమం పేరుతో నేరుగా వెతికినా సరే.

తరగతుల పేర్లు చూసి మోసపోవద్దు. "ఫ్యాన్ పిట్" అంటే వేదిక ముందు నిలబడే చోటు. దగ్గరే గాని కూర్చోవడం, నీళ్లకు వెళ్లి అదే చోటికి తిరిగి రావడం కుదరని పని. "గోల్డ్", "ప్లాటినం" అనే మాటలకు ఒక్కో నిర్వాహకుడు ఒక్కో అర్థం ఇస్తాడు కాబట్టి సీటింగ్ పటం తెరిచి చూడాలి. మొదటిసారి వెళ్లేవారికి సౌండ్ కన్సోల్ ఉండే గుడారానికి కొంచెం ముందు, మధ్యలో నిలబడే తరగతి చాలు. ఇంజనీరు శబ్దాన్ని సరిచేసేది అక్కడ తన చెవికి వినిపించేదాన్ని బట్టే.

పోస్టర్ మీద ఉన్న ధర చివరి ధర కాదు. పన్ను, కన్వీనియన్స్ ఫీజు చేరాక వచ్చే మొత్తాన్ని చూసి, దానికి రానుపోను చార్జీలు, తిండి, రాత్రి బస కలిపి నిర్ణయించండి.

కొన్నాక చేయవలసినవి:

- టికెట్ ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు. క్యూఆర్ కోడ్‌ను మొదట ఎవరు స్కాన్ చేయిస్తే వారే లోపలికి వెళతారు, రెండోసారి అది పనిచేయదు. నాకు తెలిసిన మిర్యాలగూడ కుర్రాడొకడు ఆ సంబరంలోనే గేటు బయట మిగిలిపోయాడు.
- టికెట్‌ను ఇంట్లో వైఫై ఉండగానే ఫోన్‌లో దించి పెట్టుకోండి. కొన్ని యాప్‌లలో కోడ్ క్షణక్షణం మారుతుంది, వాటికి స్క్రీన్‌షాట్ చెల్లదు. మీది ఏ రకమో ముందే చూసుకోండి.
- నలుగురి టికెట్లు ఒకే ఫోన్‌లో ఉంటే నలుగురూ కలిసే గేటు దాటాలి. వేర్వేరుగా వచ్చేవారుంటే యాప్‌లోంచే పంపి పెట్టండి.
- లోపలికి వెళ్లడానికి కట్టుకునే చేతి పట్టీ (రిస్ట్‌బ్యాండ్) ఇచ్చే కౌంటర్ వేరే చోట, వేరే రోజున ఉందేమో ఈమెయిల్‌లో చదవండి.

టికెట్లు అయిపోయాక టెలిగ్రామ్‌లోనో కామెంట్లలోనో "నా దగ్గర రెండు ఉన్నాయన్నా" అంటూ పలకరించేవారి జోలికి పోవద్దు. డబ్బు వాపసు వస్తుందని చెప్పి యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసమే. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. ఒకవేళ పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

4. పాటలు వినిపెట్టుకోండి

రీల్స్ ద్వారా పరిచయమైన పాట మనకు ముప్పై సెకన్లే తెలిసి ఉంటుంది. కాన్సర్ట్‌లో ఆ పాట ఐదు నిమిషాలు సాగుతుంది, మిగిలిన పదిహేను పాటలు అసలు విననివే కావచ్చు. వారం ముందు నుంచి చానల్‌లోని పాటలు పూర్తిగా వినండి. పల్లవి నోటికి వస్తే చాలు. మైకు జనం వైపు తిప్పినప్పుడు నోరు మెదపలేకపోతే అంత ఖర్చు పెట్టి వెళ్లిన ఆనందం సగం తగ్గుతుంది.

5. సంచిలో ఏముండాలి

పెద్ద సంచి వద్దు. చాలా చోట్ల లోపలికి రానివ్వరు, సామాన్ల గది ఉన్నా కార్యక్రమం అయ్యాక అక్కడ గంట వరుస.

- టికెట్‌పై పేరు ఉన్నవారి అసలు గుర్తింపు కార్డు.
- నిండుగా చార్జ్ చేసిన ఫోన్. పవర్ బ్యాంకును అనుమతిస్తారో లేదో షరతుల్లో చూడండి.
- ముందు మూసి ఉండే బూట్లు. చెప్పులతో వెళితే కాలి వేళ్లు తొక్కుడు పడతాయి.
- చెవి ప్లగ్గులు. మెడికల్ షాపులో దొరికే మెత్తటి ఫోమ్‌వి చాలు.
- 500 రూపాయల నోటు ఒకటి, పదులు ఇరవైలు కొన్ని. నెట్‌వర్క్ పడిపోతే యూపీఐ పనిచేయదు, ఆటో అతనికి చిల్లర ఉండదు.
- రోజూ వేసుకునే మందులు, వాటి చీటీతో సహా.
- చీటీ మీద రాసిన రెండు ఫోన్ నంబర్లు. ఫోన్ పోతే ఇంటి నంబరు కూడా గుర్తుండని కాలమిది.
- జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మడతపెట్టే రెయిన్‌కోటు. గొడుగును గేటు దగ్గరే ఆపేస్తారు.

నీళ్ల సీసా, సెల్ఫీ స్టిక్, పెర్‌ఫ్యూమ్, లైటర్, పెద్ద కెమెరా, బయటి తిండి సాధారణంగా ఆపేసే వస్తువులు. ఇంటి నుంచి సద్ది కట్టుకుని వెళ్లేవారు గేటుకు చేరకముందే తినేయాలి. జొన్నరొట్టె, పల్లీల పొడి ప్రయాణానికి పాడుకావు, లోపల అమ్మే వాటికంటే కడుపులోనూ నిలుస్తాయి.

6. ఆ రోజు, గేటు దాకా

ఆరు గంటలకు గేట్లు తెరుస్తారంటే నల్లగొండలో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బస్సు ఎక్కండి. ఎల్బీ నగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి మార్పుతో కలిపి గంటకు పైగా పడుతుంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవారు ఆరాంఘర్ దగ్గర దిగి మెహిదీపట్నం మీదుగా వెళ్లడం సులువు. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా పోయి వెనక్కి రావడం వల్ల సమయం తప్ప ఒరిగేదేమీ లేదు.

గేటు దగ్గరి తొక్కిసలాటను తేలికగా తీసుకోవద్దు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వద్ద 11 మంది ప్రాణాలు పోయినది గేట్ల దగ్గరి తోపులాటలోనే. వరుస లేకుండా గుంపుగా ఉన్న గేటు కనబడితే పక్కకు తప్పుకుని ఆగండి. మొదటి పాట పోయినా నష్టం లేదు.

7. లోపలికి వెళ్లాక

పాట మొదలయ్యేలోపు మూడు పనులు చేయండి. బయటికి పోయే దారులు రెండు చూసి పెట్టుకోండి. మరుగుదొడ్లు, నీళ్లు, వైద్య శిబిరం ఎక్కడున్నాయో గమనించండి. తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. "గేటు దగ్గర" అంటే చాలదు, "మూడో నంబర్ గేటు ఎడమవైపు జనరేటర్ పక్కన" అన్నంత స్పష్టంగా ఉండాలి. వేల ఫోన్లు ఒకేచోట ఉన్నప్పుడు కాల్స్ కలవవు, ఎస్ఎంఎస్ కొంత నయం.

*ఎక్కడ నిలబడాలి.* బారికేడ్‌కు ఆనుకుని నిలబడితే వెనుక ఒత్తిడి పెరిగినప్పుడు పోవడానికి చోటుండదు. స్పీకర్ల ముందు అసలే వద్దు. ఊపిరి తీస్తే పక్కవారి భుజం తగులుతోందంటే అది బయటికి రావలసిన గడియ. అప్పటికే ఇరుక్కుంటే రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోండి. తోపుకు ఎదురు తిరగవద్దు, తోపు వచ్చి తగ్గిన ప్రతిసారీ ఏటవాలుగా పక్కకు జరగండి. కింద పడిన ఫోన్ కోసం వంగవద్దు.

*చెవులు.* 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోగల చెవి, 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలకే హద్దు దాటుతుందని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. కాన్సర్ట్ స్పీకర్లు తేలికగా ఆ మోత చేరతాయి. ఫోమ్ ప్లగ్గును వేళ్ల మధ్య సన్నని వత్తిలా నలపండి. రెండో చేతిని తల వెనుకనుంచి తెచ్చి చెవిని పైకి లాగండి. వత్తిని లోపలికి దూర్చి, అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచండి. సరిగ్గా కూర్చుంటే పాట తగ్గిన వాల్యూమ్‌లో వినిపిస్తుంది గాని మాయం కాదు. దూది ఇందుకు పనికిరాదు. చిన్నపిల్లలను తీసుకువెళితే చెవులు మొత్తం కప్పే మఫ్‌లు తప్పనిసరి.

*వీడియో.* ఒకటి రెండు పాటలు తీసి ఫోన్ జేబులో పెట్టేయడం నా పద్ధతి. తీసేటప్పుడు జూమ్ చేయవద్దు, బొమ్మ పగిలిపోతుంది. వేదిక మీద వెలిగే ముఖంపై వేలుతో నొక్కి పట్టి వెలుతురును లాక్ చేస్తే తెల్లగా కాలిపోదు. స్పీకర్‌కు దగ్గరైతే మైకు తట్టుకోలేక శబ్దం గరగరమంటుంది. పూర్తి పాటను మీ చానల్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు.

8. బయటికి రావడం

చివరి పాట ఏదో ముందే ఊహించవచ్చు, అందరికీ తెలిసిన రీల్ పాటను చివరికే దాచుకుంటారు. మెట్రో అందుకోవలసినవారు ఆ పాట సగంలో వెనక్కి నడవాలి. బాధగానే ఉంటుంది. మిగిలినవారు జనం పలచబడేదాకా ఇరవై నిమిషాలు ఓ పక్కన కూర్చోవడం మంచిది.

క్యాబ్‌ను గేటు ముందు నుంచి బుక్ చేయవద్దు. వెలుతురు, జనం ఉన్న పెద్ద రోడ్డు మీదుగా కిలోమీటరు నడిచి, గుర్తుపట్టగల చోట నిలబడి చేయండి. బండి నంబరు సరిచూసుకుని ఎక్కి, లైవ్ లొకేషన్‌ను ఇంటికి పంపండి. ఎవరైనా వెంటబడినా, వేధించినా 112కు ఫోన్ చేయండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*గేటు దగ్గర టికెట్ తెరుచుకోవడం లేదు.* పక్కకు వచ్చి ఈమెయిల్‌లో టికెట్ కాపీ ఉందేమో చూడండి. బుకింగ్ నంబరు, గుర్తింపు కార్డు చూపితే హెల్ప్‌డెస్క్‌లో వెతికి ఇస్తారు. బుకింగ్ నంబరును కాగితం మీద రాసుకుని వెళ్లడం అందుకే.

*కళ్లు తిరుగుతున్నాయి.* ఖాళీ కడుపు, నీళ్లు తాగకపోవడం, గాలి ఆడకపోవడం మూడూ కలిస్తే ఇలా అవుతుంది. బారికేడ్ దగ్గరి సిబ్బందికి చేయి ఊపితే పైకి లాగి బయటికి పంపుతారు. మొహమాటం వద్దు.

*మెట్రో తప్పిపోయింది.* హడావుడిగా ఏదో ఒక బస్సు ఎక్కి చౌరస్తాలో దిగకండి. రెండో ఏర్పాటుకు మారండి. ఏదీ లేకపోతే ఎంజీబీఎస్‌లోనో కాచిగూడ స్టేషన్‌లోనో మనుషుల మధ్య కూర్చుని తెల్లవారుజామున బయలుదేరండి.

*కార్యక్రమం వాయిదా పడింది.* వాయిదాకు డబ్బు వాపసు రావాలన్న నియమం టికెట్ షరతుల్లో ఉంటేనే వస్తుంది. కొత్త తేదీకి వెళ్లలేమనుకుంటే గడువులోపే యాప్‌లో అభ్యర్థన పెట్టి దాని స్క్రీన్‌షాట్ దాచండి.

*మరునాడు చెవిలో గుయ్యిమంటోంది.* ఆ రోజంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే, లేదా ఒక చెవి మందగించినట్లు అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.